మూడో దేశం భద్రాచారి

మా బాలికల హాస్టల్లో పెద్దపిల్లల స్నానాలగది తలుపు ఊడిపోవడానికీ, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల మెత్తకలప ఎగుమతులకూ సంబంధం ఉందని ఆ జూలై దాకా నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పే. సర్క్యులర్ వచ్చింది. కందిపప్పు ఇండెంటు కింద పడిపోయి ఉండడంతో వార్డెన్‌గా నేను చదవవలసినంత శ్రద్ధగా చదవలేదు.

తలుపు మాత్రం ఏ సర్క్యులరూ చూసుకోకుండానే ఊడిపోయింది. అడుగుభాగం తడికి ఏనాడో చివికిపోయింది. గాలివానకు పైబందు కూడా వదిలేసింది. పొద్దున పిల్లలు బకెట్లతో వెళ్ళేసరికి నీళ్ళతొట్టి మీద బోర్లా పడుకుని ఉంది. గదికి ఎదురుగా ప్రహరీ, ప్రహరీ అవతల ధాన్యం లారీలు ఆగే చోటు. లారీలో స్టీరింగు ముందు కూర్చున్నవాడికి మా ప్రహరీ ఒక అడ్డు కాదు.

నా పాత చీర ఒకటి గుమ్మానికి కట్టించాను. చీర గాలికి ఎగిరేది. అందుకని ఇద్దరు పిల్లలు చెరో కొంగూ పట్టుకుని నిలబడేవారు. ఒక పిల్ల స్నానానికి ఇద్దరు పిల్లల చదువు పోయేది. పట్టుకున్న ఇద్దరిలో ఎవరికి తుమ్మొచ్చినా లోపలినుంచి కేక వినబడేది.

తలుపు కావాలని జిల్లా వసతి సామగ్రి విభాగానికి రాశాను. జవాబు త్వరగానే వచ్చింది.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, కలప సంబంధిత వస్తువుల సేకరణ ఇకపై అంతర్జాతీయ తులనాత్మక అధ్యయనము అనంతరము మాత్రమే చేపట్టవలెను. తమరు కోరిన తలుపు (ఒకటి) నిమిత్తము స్వీడన్, ఫిన్లాండ్ దేశముల మెత్తకలప ఎగుమతుల తులన ప్రారంభింపబడినది. తులన పూర్తగు వరకు సదరు ద్వారమునందు యథాతథ స్థితి కొనసాగించవలెను."

సదరు ద్వారమునందు యథాతథ స్థితి అంటే నా చీర.

జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్ళాను. ఆ ఆఫీసులో సూపరింటెండెంటు విశ్వనాథంగారు నాకు పాత పరిచయం. కుర్చీ చూపించి, టీ చెప్పి, గొంతు తగ్గించారు.

"కొత్త డైరెక్టరుగారు వచ్చారమ్మా. ఏది కొనాలన్నా ముందు ప్రపంచంలో అది ఎలా ఉందో చూడాలంటారు. చీపుళ్ళ ఫైలు ఇండోనేషియా దగ్గర ఆగింది."

"మరి తలుపు?"

"మీ తలుపు నయం. యూరప్ దాకా వెళ్ళింది."

డైరెక్టరుగారు డాక్టర్ చక్రధర్. ఆయన ఈ మధ్యనే ఏదో శిక్షణకు యూరప్ వెళ్ళి, అక్కడ చెక్క ఇంట్లో బస చేసి వచ్చారట. బల్ల మీద ఒక చిన్న పైన్ చెక్కముక్క ఉంది. దాని మీద పేపర్‌వెయిట్ పెట్టారు.

"మేడమ్, మీరు తలుపు గురించి ఆలోచిస్తున్నారు. నేను తలుపు వెనకాల ఉన్న చెక్క గురించి ఆలోచిస్తున్నాను. చెక్క వెనకాల అడవి ఉంది. అడవి వెనకాల ఒక విధానం ఉంది."

"సార్, తలుపు వెనకాల పిల్లలున్నారు."

"కరెక్ట్. లబ్ధిదారులు." ఆయన ఆ మాట రాసుకున్నారు. "వాళ్ళకి ఏదో ఒక తలుపు ఇచ్చేసి చేతులు దులుపుకోమంటారా? ఆధారం లేని తలుపు మేడమ్ అది. రేపు ఎవరైనా ఈ తలుపే ఎందుకు అని అడిగితే పిల్లలు ఏం చెబుతారు?"

పిల్లలు ఏం చెబుతారో నాకు తెలుసు. అది ఆఫీసులో చెప్పదగ్గ మాట కాదు కనక ఊరుకున్నాను.

తులన సజావుగానే మొదలైంది. ఎగుమతి పరిమాణం చూస్తే స్వీడన్ ముందుంది. దేశం మొత్తంలో అడవి వాటా చూస్తే ఫిన్లాండ్ ముందుంది. రెండిట్లో ఏది చూడాలన్న దగ్గర ఆఫీసు రెండుగా చీలింది. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ అంతా స్వీడన్. అకౌంట్స్ అంతా ఫిన్లాండ్. "ఎంత పంపారన్నదే లెక్క" అని స్వీడన్ వాళ్ళు, "ఉన్నదాన్ని బట్టి చూడాలి, పెద్ద కుటుంబం వాడు పది లడ్డూలు పంచితే గొప్పా?" అని ఫిన్లాండ్ వాళ్ళు. మధ్యాహ్నం భోజనాలు వేర్వేరు గదుల్లో చేస్తున్నారు. ఫిన్లాండ్ పక్షపు గుమాస్తా కూతురి ఓణీల ఫంక్షన్‌కి స్వీడన్ వాళ్ళు కవరు పంపించారు గాని మనుషులు వెళ్ళలేదు. నేను రెండోసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర అటెండరు అడిగాడు.

"మేడమ్, మీరు ఎటుపక్క?"

"గుమ్మం పక్క," అన్నాను. అతను ఆ పేరుగల దేశం కోసం కాసేపు ఆలోచించాడు.

ఆగస్టులో ఒక ఆదివారం భద్రాచారి వచ్చాడు. మా తొమ్మిదో తరగతి గౌరీశ్వరి తండ్రి. పలాస వైపు ఒక పల్లెలో వడ్రంగి. కూతురికి జంతికలు ఇచ్చి, నీళ్ళతొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుందామని వెళ్ళి, చీర పట్టుకున్న పిల్లల్ని చూసి, అలాగే వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"అమ్మగోరూ, ఇదేటమ్మా? నాను వడ్రంగోణ్ని. ఊరందరి గుమ్మాలకీ తలుపులు బిగించినాను. నా గుంట సీర సాటున తానం సేస్తాదా?"

"యూరప్‌లో చూస్తున్నారయ్యా."

"ఎవులు సూస్తన్నారు?" అని భద్రాచారి కంగారుపడ్డాడు.

విషయం వివరించాను. అతను మర్యాదగా అంతా విన్నాడు.

"దసరా సెలవల దాకా సూస్తానమ్మా. అప్పటికీ తలుపు నేకపోతే పిల్లని ఒట్టుకెలిపోతాను. ఆలమ్మ ఎలాగూ జీడిపిక్కల కంపెనీకి పంపుదారంటోంది. అక్కడ బాత్రూముకి తలుపున్నాదట."

గౌరీశ్వరి జంతిక కొరకడం ఆపేసింది. క్లాసులో లెక్కల్లో మొదటి పిల్ల. జీడిపిక్కల కంపెనీలో చేరితే వేళ్ళకు పట్టే జీడినూనె మరకలు ఏళ్ళ తరబడి పోవు. ఆ పిల్ల తన చేతులు చూసుకోవడం నేను చూశాను.

మరుసటి ఆదివారం భద్రాచారి సైకిలుకి అడ్డంగా ఒక తలుపు కట్టుకుని వచ్చాడు. పెరట్లో వేపచెట్టు కొట్టించి చేశాడట. నున్నగా చిత్రికపట్టి, నిలువు బద్దలకు మూడు అడ్డబద్దలు వేసి, గడియ కూడా బిగించాడు. పిల్లలు చుట్టూ మూగి గడియ వేసి తీసి, వేసి తీసి చూసుకున్నారు. అతను గోడకు బందు ఆనించి మొదటి మేకు కొట్టబోతుండగా గేటు ముందు ఆటో ఆగింది. విశ్వనాథంగారు టేపు పట్టుకుని దిగారు. ద్వారం యథాతథంగా ఉందో లేదో చూసి రమ్మని పంపారట.

"ఆగవయ్యా, ఆగు! ఆ ద్వారం తులనలో ఉంది!"

భద్రాచారి సుత్తి దించాడు. విశ్వనాథంగారు తలుపును చూశారు, భద్రాచారిని చూశారు. ఆయన ముఖంలో కోపం రావలసిన చోట సంతోషం వచ్చింది.

"అమ్మా, దేవుడు పంపించాడు ఇతన్ని."

సంగతేమిటంటే, ఆడిట్ వాళ్ళు ఫైలు ఆపేశారు. మన ఆఫీసుల్లో కుర్చీ కొన్నా, కుంచె కొన్నా మూడు కొటేషన్లు ఉండి తీరాలి. ఆ మూడూ ఒకే షాపతను తెచ్చిస్తాడు. ఒకటి తన పేరున, రెండోది అన్నగారి పేరున, మూడోది బావమరిది పేరున, తక్కిన రెండిట్లో రేటు కాస్త పైకి వేసి. ఇది అందరూ మన్నించే సంప్రదాయం. తలుపు ఫైల్లో రెండు దేశాలే ఉన్నాయి. మూడోది ఏదని ఆడిట్ వాళ్ళు అడిగారు.

"దేశాలకు బావమరుదులుండరు కదమ్మా," అన్నారు విశ్వనాథంగారు. "వారం రోజులుగా నిద్ర లేదు. ఇతను ఒప్పుకుంటే సపోర్టింగ్ కొటేషన్ కింద వేసేస్తాను."

"నన్నేటి సెయ్యమంటారు బాబూ?" అన్నాడు భద్రాచారి.

"ఏమీ చెయ్యొద్దు. ఊరికే ఓడిపో. మూడు పూర్తవుతాయి, ఎవరో ఒకరు గెలుస్తారు, ఫైలు కదులుతుంది."

"ఓడిపోతే తలుపు ఎట్టుకోనిస్తారా?"

"తులన అయిపోతే ఎవరి తలుపైనా పెట్టుకోవచ్చు."

భద్రాచారి ఒప్పుకున్నాడు. విశ్వనాథంగారు అక్కడే వరండా అరుగు మీద కూర్చుని నమూనా పత్రం తీశారు. మొదటి గడి "దేశము". అందులో "భద్రాచారి" అని రాశారు.

"అటవీ విస్తీర్ణం?"

"పెరట్లో ఏపసెట్టు ఒకటుండీది. దీనికోసం కొట్టీసినాం."

"గతంలో ఒకటి," అని రాసుకున్నారు. "మెత్తకలపేనా?"

"నా సేతికి మెత్తగానే ఉంటాది బాబూ."

"నిరుడు ఎగుమతి ఎంత? అంటే, ఇంట్లో చేసి బయటకు పంపినది."

"ఇంటికాడ సేసి పంపీదేటీ నేదు. ఎవులింటి పని ఆలింటికాడే సేస్తాను."

"నిరుడు సున్నా. ఈ ఏడు?"

"ఇదొక్కటే."

"రవాణా మార్గం?"

భద్రాచారి సైకిలు వైపు చూశాడు. విశ్వనాథంగారు రాసుకున్నారు. తర్వాత తలుపుకు లక్కముద్ర వేసి, మా స్టోరులో బియ్యం బస్తాల పక్కన నిలబెట్టించి వెళ్ళారు. పిల్లలు మళ్ళీ చీర పట్టుకున్నారు.

సెప్టెంబరులో తుది సమావేశానికి నన్ను వినియోగదారుల ప్రతినిధిగా పిలిచారు. భద్రాచారిని మూడో దేశంగా పిలిచారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద మూడు చిన్న జెండా కర్రలు పెట్టారు. మూడో కర్రకు జెండా లేదు. అక్కడ అతని చేతిగుడ్డ కడదామా అని ఎవరో అన్నారు గాని, ప్రొటోకాల్ ఒప్పుకోదని మానేశారు.

స్వీడన్ తరఫున ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్ళు గంటసేపు మాట్లాడారు. ఫిన్లాండ్ తరఫున అకౌంట్స్ వాళ్ళు అంతకు కాస్త ఎక్కువ మాట్లాడారు. ఇద్దరి గొంతులూ లేచాయి. చక్రధర్‌గారు చెయ్యెత్తారు.

"పరిమాణం నిన్నటి భాష. వాటా మొన్నటి భాష. నేటి భాష వృద్ధిరేటు. నిరుటి మీద ఈ ఏడు ఎంత పెరిగింది? అది చెప్పండి."

స్వీడన్ వాళ్ళు కాగితాలు తిరగేసి ఓ చిన్న అంకె చెప్పారు. ఫిన్లాండ్ వాళ్ళు వాళ్ళకంటే నెమ్మదిగా తిరగేసి, ఇంకా చిన్న అంకె చెప్పారు.

"మూడో దేశం?"

"నిరుడు సున్నా, ఈ ఏడు ఒకటండి," అన్నారు విశ్వనాథంగారు.

చక్రధర్‌గారు కాలిక్యులేటర్ తీసుకుని ఒకటిని సున్నాతో భాగించారు. అది లెక్క కట్టలేనని చెప్పింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"యంత్రానికి అందని వృద్ధి," అన్నారు మెల్లగా. "నా సర్వీసులో చూడలేదు."

గదిలో చప్పట్లు మోగాయి. ఫిన్లాండ్ గెలవనందుకు అకౌంట్స్ వాళ్ళకు కొంచెం విచారమే గాని, ఫిన్లాండ్ చేతిలో ఓడిపోనందుకు ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్ళు మనస్ఫూర్తిగా కొట్టారు. అది చూసి అకౌంట్స్ వాళ్ళూ కొట్టారు. జూలై తర్వాత ఆ ఆఫీసు కలిసి చేసిన మొదటి పని అది.

విశ్వనాథంగారు లేచి నిలబడ్డారు. "సార్, అతను సపోర్టింగ్ కొటేషనండి. ఓడిపోవడానికి వచ్చాడండి."

"వినయం, విశ్వనాథం. వర్ధమాన దేశాల లక్షణం."

"నాను ఓడిపోతానని మాటిచ్చినాను బాబూ," అన్నాడు భద్రాచారి.

"చూశారా?" అన్నారు చక్రధర్‌గారు.

నేను లేచాను. "సార్, తులన అయిపోయింది కదా. ఇక ఆ తలుపు బిగించుకోవచ్చా?"

"ఏ తలుపు? అది ఇప్పుడు తలుపు కాదు మేడమ్, నమూనా. రాజధానిలో ప్రదర్శనకు వెళుతుంది. స్వీడన్, ఫిన్లాండ్ ప్రతినిధుల్ని కూడా చూడ్డానికి ఆహ్వానించమని రాస్తున్నాను."

"అయితే భద్రాచారి ఇంకొకటి చేసిస్తాడు."

ఆయన ముఖం గంభీరమైంది. భద్రాచారి భుజం మీద చెయ్యి వేశారు. "ఆ పని మాత్రం చెయ్యకండి. ఒకటి తర్వాత ఇంకొకటి అంటే వృద్ధి వంద శాతానికి పడిపోతుంది. ఆ తర్వాత ఇంకొకటి అంటే యాభై. చూస్తూ చూస్తూ మీ ఎగుమతుల్ని మీరే కూల్చుకుంటారా?"

ప్రదర్శన వ్యాను వచ్చి మా స్టోరులోంచి తలుపు తీసుకుపోయింది. లక్కముద్ర చెదరలేదని నాచేత సంతకం పెట్టించుకున్నారు.

దసరా సెలవులకు ముందు హాస్టల్ ఆవరణలోనే భద్రాచారికి సన్మానం జరిగింది. పందిరి, మైకు, మూడు రకాల టిఫిను. ఇందులో దేనికీ ఏ దేశంతోనూ తులన అవసరం రాలేదు. సన్మానాలు వేరే పద్దు. చక్రధర్‌గారు మాట్లాడుతుంటే వెనకాల చీర ఎగిరింది. "మన సంస్కృతికి ప్రతీకగా రెపరెపలాడుతున్న ఆ వస్త్రాన్ని చూడండి" అన్నారాయన. లోపల ఉన్న పిల్ల కేకపెట్టింది. చప్పట్లలో వినబడలేదు.

శాలువా కప్పారు. తర్వాత ఇద్దరు మనుషులు ప్రశంసాపత్రం మోసుకొచ్చారు. అది చేతిలో పట్టుకునేది కాదు. మందపాటి ప్లైవుడ్ పలక, చుట్టూ పూతపూసిన చట్రం, మీద రేకు, ఆ రేకు మీద అచ్చులో భద్రాచారి గొప్పతనం. నేల మీద నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చింది.

అందరూ వెళ్ళాక భద్రాచారి శాలువా తీయకుండానే వరండాలో కూర్చున్నాడు. మనిషిలో కొంచెం మార్పు వచ్చింది.

"అమ్మగోరూ, మా ఎగుమతులు ఇలాగే నిలబడితే వొచ్చే ఏడు బయట దేశాలోల్లు వొస్తారట."

గౌరీశ్వరి ట్రంకుపెట్టె తెచ్చి అతని కాళ్ళ దగ్గర దభీమని పెట్టింది.

"పద నాన్నా. దసరా వచ్చీసింది. తలుపు రాలేదు. కంపెనీకి పంపీ."

"ఉండవే గుంటా. సారేటన్నాడో ఇన్నావు కదా. నాను ఇప్పుడు ఇంకో తలుపు సేస్తే శాతం పడిపోతాది."

"ఊరందరికీ తలుపులు బిగించినానంటావు. ఇంత పెద్ద దేశానివైపోనావు. నీ దేశంలో ఆడపిల్లలు తానం ఎక్కడ సెయ్యాలి?"

భద్రాచారి శాలువా తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. కాసేపు ఆ పిల్ల మొహం చూడలేక గోడకు ఆనించిన ప్రశంసాపత్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి దాని దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో వెనకవైపు కొట్టి చూశాడు. అంచు నిమిరాడు. జానలతో కొలిచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్కడా కొలిచాడు.

"అమ్మగోరూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఇది తలుపు కాదు కదమ్మా?"

"కాదయ్యా. ప్రశంసాపత్రం."

"ఇది నాను సేసి పంపింది కూడా కాదు."

"కాదు. వాళ్ళే నీకు పంపింది. నీ లెక్కలో దిగుమతి."

"మరైతే శాతానికి దోషం నేదు," అన్నాడు భద్రాచారి. సైకిలు సంచిలోంచి సుత్తి, బందులు తీశాడు.

వెడల్పు సరిగ్గా సరిపోయింది. పొద్దు వాలేలోగా ప్రశంసాపత్రం గుమ్మానికి వేలాడింది. బయటివైపు అక్షరాలు, లోపలివైపు ప్లైవుడ్. లోపల గడియ. గౌరీశ్వరి లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. పాదాల నుంచి ఛాతీ దాకా ఏమీ కనబడలేదు. భుజాలు, తల మాత్రం పైనుంచి కనబడుతున్నాయి. ప్రహరీ అవతల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఆ పిల్ల గబుక్కున కూర్చుండిపోయింది.

"సగం దేశమే నాన్నా," అంది లోపలినుంచి.

ట్రంకుపెట్టె ఇంకా వరండాలోనే ఉంది. నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి కాగితం తీసుకున్నాను.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, శ్రీ భద్రాచారిగారికి జరిగిన సన్మానము నందు ఆయన ఘనత ఛాతీ వరకు మాత్రమే ప్రస్తావింపబడినది. మిగిలిన ఘనత నిమిత్తము రెండవ సన్మానము, మొదటి దాని వెడల్పుతోనే రెండవ ప్రశంసాపత్రము (ఒకటి) మంజూరు చేయ ప్రార్థన. ఎత్తు మూడు అడుగులకు తగ్గకుండా ఉండిన శ్రేయస్కరము."

మర్నాడు ఉదయం మనిషి చేత పంపాను. మధ్యాహ్నానికి మంజూరైంది. అలాంటి వేగం నా సర్వీసులో నేను చూడలేదు. ఏ ఘనత, ఎందుకు, అని ఎవరూ అడగలేదు.

సాయంత్రం విశ్వనాథంగారు ఫోన్ చేశారు. ఆఫీసులో ఎవరో ఉన్నట్టున్నారు, చాలా మెల్లగా మాట్లాడారు.

"అమ్మా, ఆర్డరు నేనే ఇస్తున్నాను. ఒక చిన్న సందేహం. ప్రశంసాపత్రం కుడివైపుకు తెరుచుకోవాలా, ఎడమవైపుకా?"

ఎడమవైపుకని చెప్పాను.